పీఠం దిక్కు తల

మొన్న ఆదివారం కరీంనగర్‌లో పూజకు కాస్త ముందుగానే గుడికి వెళ్ళాను. మేము చర్చిని గుడి అనే అంటాం. ముందు వెళ్ళింది భక్తి ఎక్కువై కాదు. మోకాళ్ళ నొప్పుల వాణ్ణి, గోడ పక్క కుర్చీ దొరకాలంటే ముందు వెళ్ళక తప్పదు. వస్త్రాల గది తలుపు తెరిచి ఉంది. లోపల ఎర్ర అంగీ, దాని మీద తెల్ల పైవస్త్రం వేసుకున్న ఒక అమ్మాయి గొలుసుల ధూపపాత్రను సిద్ధం చేస్తోంది. కాగితం చుట్టిన గుండ్రటి నల్లబిళ్ళ ఒకటి తీసి, పట్టకారుతో పట్టుకుని, లైటర్ వెలిగించి అంచుకు ఆనించింది. బిళ్ళ చిటపటమంటూ రవ్వలు చిమ్మి, చూస్తుండగానే నిప్పయింది. అంతే, పని అయిపోయింది! ఊదింది లేదు, విసిరింది లేదు, కళ్ళు మండింది లేదు. నేను చూస్తున్నానని గమనించి, "గిది కొత్త రకం బొగ్గు అంకుల్, జల్ది అంటుకుంటది" అంది. బాగుందమ్మా అన్నాను. కుర్చీలోకి వచ్చి కూర్చున్నాక మాత్రం మనసంతా చేదైపోయింది. ఈ వానాకాలంలో పోయిన నా జంటగాడు ఆ బిళ్ళను చూసి ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. అది తలుచుకుని నవ్వబోయి, నవ్వలేక, జేబురుమాలు తీశాను.

జంటగాడు అంటే మరేమీ కాదు, ఫాదర్ పూజ చేసే పీఠం దగ్గర, ఆయనకు సాయంగా నాతోపాటు సేవ చేసినవాడు. గోదావరి ఒడ్డున బొగ్గుగనుల కాలనీలో పుట్టి పెరిగిన వాళ్ళం ఇద్దరమూ. మా బాపు గని ఆఫీసులో గుమాస్తా, వాడి బాపు లోపలికి దిగి బొగ్గు కొట్టేవాడు. వరుసగా ఒకేలాంటి క్వార్టర్లు, సాయంత్రమైతే ప్రతి వాకిట్లో బొగ్గుల పొయ్యి పొగ, ఆరేసిన తెల్లబట్టల మీద నల్లటి నుసి. కాలనీ చివర రేకుల కప్పు గుడి. మాకు గంట ఉండేది, కంపెనీకి సైరన్ ఉండేది. ఆ రెండూ పోటీ పడితే ఏది గెలుస్తుందో చెప్పనక్కర్లేదు కదా. పూజ మధ్యలో షిఫ్టు సైరన్ మొదలైతే మా ఫాదర్ చేతులు చాచినవి చాచినట్టే ఆగిపోయేవారు. ఆయనది కేరళ. తెలుగు పుస్తకంలో చదువుకున్నట్టు పొందికగా మాట్లాడేవారు. సైరన్ ఆగాక "మంచిది" అని గొణుక్కుని, ఆపిన మాట దగ్గరి నుంచే మళ్ళీ అందుకునేవారు.

మాకు పని నేర్పినవాడు ఉపదేశి తాత. ఫాదర్ లేని రోజుల్లో ప్రార్థనలు చెప్పించేదీ, పిల్లలకు జపాలు నేర్పేదీ ఆయనే. ఒక కాలు కొద్దిగా ఈడ్చి నడిచేవాడు. కానీ మా నడకలో వంక కనిపిస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు. శనివారం పొద్దుటిపూట ఖాళీ గుడిలో మా చేతికి నిండు చెంబు ఇచ్చి, ద్వారం నుంచి పీఠం దాకా నడవమనేవాడు. చుక్క కింద పడితే మళ్ళీ మొదటికి రావాలి. ఇద్దరి మోకాళ్ళూ ఒకేసారి నేలను తాకాలి, ఇద్దరం ఒకేసారి లేవాలి. నాకు తొందర ఎక్కువ, వాడికి నిదానం ఎక్కువ. "ఏందిరా, ఒకడు ధర్మపురి బస్సెక్కిండు, ఇంకొకడు కొండగట్టు బస్సెక్కిండు! ఇద్దరూ గీ గుడికి ఎప్పుడు రావాల్నో?" అని తాత కసిరితే మేము కిసుక్కున నవ్వి ఇంకో తప్పు చేసేవాళ్ళం. చివరికి ఎలా కుదిరిందో కుదిరింది. వాడు ఊపిరి పీల్చుకోవడం వింటే చాలు, వంగబోతున్నాడని నాకు తెలిసిపోయేది. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, మా ఆవిడతో కూడా నాకు అంత పొత్తు కుదరలేదు. ఈ మాట ఆవిడ ముందు కూడా అన్నాను, ఆవిడేమీ కాదనలేదు.

చావుపూజ నేర్పిన రోజు నాకు బాగా గుర్తు. శవపెట్టె లేదు కాబట్టి తాత పొడుగాటి బల్ల ఒకటి మధ్యలో వేయించి, దాని మీద తానే వెల్లకిలా పడుకున్నాడు. "నేను సచ్చిన్ననుకోండ్రి. నవ్వద్దు!" అన్నాడు. నవ్వకుండా ఎలా ఉంటాం? చచ్చినవాడు ఒక కన్ను తెరిచి మమ్మల్ని తిడుతుంటే! కాళ్ళు పీఠం దిక్కు, తల ద్వారం దిక్కు పెట్టుకున్నాడు. మావాడికి ప్రతిదానికీ కారణం కావాలి. "గిట్లనే ఎందుకు తాతా?" అన్నాడు. తాత పడుకునే చెప్పాడు. "మనం గుడిల ఎట్ల కూసుంటం? పీఠం దిక్కు మొఖం పెట్టి. సచ్చినంక గూడ గట్లనే పీఠాన్ని సూస్కుంట ఉండాలె. ఫాదరేమో జనం దిక్కు మొఖం పెట్టి నిలవడ్తడు. గందుకే ఫాదర్ సచ్చిపోతె తల పీఠం దిక్కు పెడ్తరు, మొఖం జనం దిక్కు." మావాడు బయటికొచ్చి పంపు దగ్గర నీళ్ళు తాగుతూ నాతో అన్నాడు: "నన్నైతె తల పీఠం దిక్కే పెడ్తరురా, సూడు." వాడు ఫాదర్ కావాలనుకుంటున్నాడని నాకు తెలిసింది అలా. పంపు కింద మూతి పెట్టుకుని, మీసాలు కూడా రాని వాడు, చచ్చిపోయాక తల ఎటు ఉండాలో ఖాయం చేసుకున్నాడు.

ధూపపాత్ర సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. దానికి కట్టెబొగ్గులు కావాలి. మా గుడికి వాటిని ఇచ్చేది ఇస్త్రీ బండి పెద్దమ్మ. పండుగ రోజు పొద్దున్నే డబ్బా పట్టుకుని వెళితే, ఇస్త్రీపెట్టెలోకి వేసే బొగ్గులే ఇన్ని పోసేది. ఒక పండుగ నాడు వెళ్ళేసరికి బండి మీద తాటిపత్రి పట్టా కప్పి ఉంది. పెద్దమ్మ కొండగట్టుకు మొక్కు తీర్చుకోవడానికి పోయిందట. పూజకు వేళవుతోంది. మావాడు మాత్రం ఏమీ పరేషాన్ కాలేదు. "బొగ్గుల మీద కూసోని బొగ్గుల్లేవని ఏడుస్తున్నవేందిరా" అని ఇంటికి ఉరికి, వాళ్ళవ్వ, అంటే వాళ్ళమ్మ, పొయ్యిలోని నిప్పులూ, వాటి మీద వేయడానికి గని నుంచి వచ్చిన రాక్షసిబొగ్గు గడ్డా పట్టుకొచ్చాడు. గనికాలనీ పిల్లలు తప్ప ఇంకెవరూ చేయలేని తెలివితక్కువ పని అది. ఫాదర్ సాంబ్రాణి వేసి పాత్ర ఊపేసరికి పచ్చటి పొగ ముద్దముద్దగా లేచి పీఠం కనబడకుండా పోయింది. గంధకం కంపు. పాటలు పాడే అక్కలు దగ్గుతూ బయటికి పరుగెత్తారు. ఫాదర్ కళ్ళు తుడుచుకుంటూ, "దేవునికి ధూపము వేయుమంటిని, దేవుణ్ణి దగ్గించుమనలేదు" అన్నారు. దగ్గకుండా నిమ్మళంగా కూర్చున్నది గని కార్మికులొక్కరే. పూజయ్యాక వాడి బాపు మమ్మల్ని ఇద్దర్నీ దగ్గరికి లాక్కుని, కడుపు పట్టుకుని నవ్వాడు. "ఏం పొగబెట్టిన్రురా! డ్యూటీకొచ్చిన్నా, గుడికొచ్చిన్నా సమజ్ కాలే. లైటుటోపీ కోసం నెత్తి తడుముకున్న!"

ఆ మనిషి నవ్వు అంత పెద్దది. కొడుకు ఫాదర్ అవుతానంటే ఆయన మారుమాట లేకుండా సరేనన్నాడు. గనిలో పక్కవాళ్ళు "పెద్ద కొడుకును దేవునికిస్తె రేపు నిన్నెవలు సూస్తరే?" అంటే, "దేవుడే సూస్తడు, నీకేం ఫికర్" అనేవాడట. పదో తరగతి పరీక్షలయ్యాయి. ఫాదర్ కాబోయేవాళ్ళు చదివే సెమినరీకి మా ఫాదర్ రాసి సీటు ఖాయం చేశారు. వాడి బాపు సంతలో రేకుపెట్టె కొని, దానికి తానే నీలిరంగు వేశాడు. రంగు ఆరడానికని ఇంటి ముందర పెట్టి, దారిన పోయేవాళ్ళందరూ అదేమిటని అడిగేదాకా లోపలికి తీయనివ్వలేదు.

మేమిద్దరం గుడిలో కొవ్వొత్తుల గిన్నెలు తోముతుండగా వేళ కాని వేళ సైరన్ మోగింది. గనికాలనీలో పుట్టినవాళ్ళకు ఆ కూత ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. వాడి చేతిలో ఉన్న చింతపండు ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "బాపు మొదటి షిఫ్టురా" అన్నాడు. అంతే, ఇద్దరం పరుగు. గేటు దగ్గర ఆడవాళ్ళందరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడ్డారు. పైకప్పు బండ కూలిందన్నారు. బయటికి తెచ్చిన మనిషి మీద దుప్పటి కప్పి ఉంది. పాదాలను చూసి గుర్తుపట్టింది వాడి అవ్వ. ఆమె గొంతులోంచి వచ్చిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది. ఈ వాక్యం రాయడానికి నాకు రెండు పూటలు పట్టింది.

మర్నాడు పూజకు వాడు ఎర్ర అంగీ వేసుకుని తయారయ్యాడు. ఉపదేశి తాత గడ్డం పట్టుకుని బతిమాలాడు. "వద్దు బిడ్డా. కొడుకువు. పెట్టె ఎనక నడువాలె." వాడు వినలేదు. "ముంగట నడుస్త తాతా. బాపుకు నేను ముంగట నడుసుడే ఇష్టం" అన్నాడు. ఇస్త్రీ పెద్దమ్మ అడగకుండానే డబ్బా నిండా కట్టెబొగ్గులు పంపింది. వాడు వాటిని ఊది ఊది, బూడిద పట్టనివ్వకుండా కాపాడాడు. పెట్టె మోసుకొచ్చినవాళ్ళు ఎటు తిప్పాలో తెలియక తడబడితే, వాడే చేయి చూపించి పాదాలు పీఠం దిక్కు వచ్చేలా దింపించాడు. ఇద్దరి మోకాళ్ళూ ఒకేసారి నేలను తాకాయి. వాడు ఏడవలేదు. నేనే ఏడ్చాను, ముక్కు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక అలాగే నిలబడ్డాను.

గనిలో మనిషి పోతే కంపెనీ ఆ ఇంట్లో ఒకరికి కొలువు ఇచ్చేది. ఆడపిల్లలకు ఇచ్చే కాలం కాదది. ఇంట్లో వాడి తరువాత ఇద్దరు చెల్లెళ్ళు, పాలు మరవని తమ్ముడు. కొలువు వద్దంటే క్వార్టర్ ఖాళీ చేయాలి. ఫాదర్ వాళ్ళింటికి వచ్చారు. నేను గడప దగ్గర ఉన్నాను. "అమ్మా, ఆ అబ్బాయిని దేవుడు పిలిచాడు" అన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలా మర్యాదగా, "పిలిచిండు ఫాదర్, నేను కాదంటలే. గీ పోరగాండ్లు గూడ అన్నా అని పిలుస్తుండ్రు. గాడు ఎవలి దిక్కు తిరుగాలె? మీరే జెప్పుండ్రి" అంది. ఫాదర్ పుస్తకం తెలుగు అంతా ఆ రోజు అయిపోయింది. అప్పుడు మూల నుంచి మావాడు అన్నాడు: "నేను గనికే పోత అవ్వా. ఏడ్వకు." ఎవరూ వాణ్ణి పొమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు కూడా. నీలిరంగు పెట్టెలో తరువాత బియ్యం పోసుకున్నారు.

కొలువుకు వయసు నిండేదాకా వాడు గుడిలో సేవ చేస్తూనే ఉన్నాడు. గనికి పోయే ముందు ఆదివారం పూజయ్యాక, మా గుడి ఆనవాయితీ ప్రకారం తన ఎర్ర అంగీని మడిచి కొత్తగా చేరిన పిల్లవాడికి అందించాడు. ఆ పిల్లవాడికి అది పాదాల కింద పడి ఈడుస్తోంది. వాడు మోకాళ్ళ మీద కూర్చుని అంచు మడిచి పిన్నీసు పెట్టాడు. గని దిగిన మొదటి రోజు సాయంత్రం నన్ను కలిసి, "కింద గూడ గుడి లెక్కనే ఉన్నదిరా" అన్నాడు. "చీకటి. నెత్తి మీద దీపం. వరుసగ నడుసుడు. ఎవలూ ఎక్కువ మాట్లాడరు." నన్ను నవ్వించడానికే అన్నాడు. నాకు నవ్వు రాలేదు, వాడికీ రాలేదు.

నేను చదువుకని కరీంనగర్ వచ్చి, ఇక్కడే బడిపంతులునయ్యాను. సెలవులకు వెళ్ళినప్పుడల్లా వాడు గుడిలో చివరి బల్ల మీద కనిపించేవాడు. షిఫ్టు దిగి వచ్చేవాడు కదా, పూజ సగం అయ్యేది. వెనకే కూర్చోవడం అలవాటైంది. ఆదివారం సెలవు దొరికినా ముందుకు రాలేదు. ఒకసారి వాడి పక్కన కూర్చున్నాను. ఫాదర్ ప్రసాదంగా పంచే అప్పం పైకెత్తే వేళకు పీఠం దగ్గర పిల్లవాడు, ఒకప్పుడు మేం కొట్టినట్టే, చేతిగంట కొట్టాడు. అదే క్షణంలో ఒళ్ళో ఉన్న వాడి కుడిచేతి మణికట్టు తిరిగింది. గంట లేని చేయి గంట కొట్టింది. బయటికి వచ్చాక ఉండబట్టలేక అడిగాను, బాధ లేదా అని. "ఉన్నదిరా. లేదని ఎవలికి జెప్పాలె?" అన్నాడు. "ఆదివారం మస్తు బాధైతది. సోమారం డ్యూటీల దిగితె తగ్గుతది. మల్ల ఆదివారమొస్తది." చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు, తమ్ముణ్ణి చదివించాడు, తానూ పెళ్ళి చేసుకుని పిల్లల్ని కన్నాడు. మంచి భర్త, మంచి తండ్రి. ఆ ఆదివారాలు మాత్రం వాడికి మిగిలే ఉన్నాయి.

కొలువు దిగిపోయాక అప్పటి ఫాదర్ దగ్గరికి వెళ్ళి, పీఠం దగ్గర సేవ చేసే పిల్లలకు నేర్పుతానని అడిగాడు. గనులు ఒక్కొక్కటే మూతపడి కాలనీలో సగం క్వార్టర్లకు తలుపులే లేవు. ఉన్న పిల్లలే కొద్దిమంది, అందులో ఆడపిల్లలే ఎక్కువ. వాడికి ఆ వార్త ఫోన్లో చెప్పడానికి ఎంత సంబరమో! "ఆడివిల్లలు మనకంటె మంచిగ నడుస్తుండ్రురా, చుక్క పడనిస్తలేరు." నిండు చెంబు, ఒకేసారి మోకాళ్ళు, ఊది ఊది రాజేసే కట్టెబొగ్గులు, అన్నీ తాత నేర్పినట్టే నేర్పాడు. బొగ్గుబిళ్ళలు వద్దే వద్దన్నాడు. "ఊదకుంట వచ్చేది నిప్పా?" అని. నిరుడు మా కేరళ ఫాదర్, బాగా ముసలివారై అక్కడే విశ్రాంతిగా ఉంటున్నవారు, కాలం చేశారు. చావుపూజలన్నీ బడి వేళల్లో జరుగుతాయి కాబట్టి ఆ పిల్లలు అంతవరకూ ఒక్కదాన్నీ చూడలేదు. ఫాదర్‌ది సెలవు రోజున వచ్చింది. మావాడు ముందురోజు పిల్లల్ని పోగుచేసి, బల్ల వేయించి, తాతలాగే దాని మీద పడుకుని అంతా నేర్పాడట. "పోరగాండ్లు ఒకటే నవ్వుడురా" అని ఫోన్లో చెబుతూ దగ్గాడు. అప్పటికే దగ్గు ఎక్కువగా ఉంది. ఊపిరితిత్తుల్లో బొగ్గు చేరిందని డాక్టర్లు చెప్పారు.

ఈ వానాకాలంలో పోయాడు. ఆదివారం నాడే పూజ. ముసురు, రేకుల మీద వాన చప్పుడు, చెప్పులు విడిచిన చోట బురద. పిల్లలు ముందు నడిచారు, వాళ్ళ వెనుక పెట్టె. అందరికంటే పెద్ద పాప చేతిలో ధూపపాత్ర, అందులో కట్టెబొగ్గుల ఎర్రదనం. పీఠం ముందుకు రాగానే ఆ పాప ఏమాత్రం తడబడకుండా చేయి తిప్పి చూపించింది. మోసేవాళ్ళు పెట్టెను తిప్పి దింపారు. తల పీఠం దిక్కు, ముఖం జనం దిక్కు. కొత్తగా వచ్చిన చిన్న వయసు ఫాదర్ చూసి ఆగారు. నేను వాడి జంటనని ఎవరో చెప్పినట్టున్నారు. నా దగ్గరికి వంగి, మెల్లగా, "సార్, పెట్టె తప్పుగా పెట్టారు. తిప్పించమంటారా?" అని అడిగారు. నేను వాడి ముఖం చూశాను. పీఠం దగ్గరి నుంచి, ఆ కాలనీలో మిగిలిన జనాన్నంతా దాటి, తాను ఇన్నేళ్ళు కూర్చున్న చివరి బల్ల దిక్కు ఉంది ఆ ముఖం. ఇన్నాళ్ళుగా పంతులు భాష మాట్లాడిన నా నోట్లోంచి మా కాలనీ మాటే వచ్చింది. "ఉండనియ్యుండ్రి ఫాదర్. మీ కాళ్ళు మొక్కుత, గట్లనే ఉండనియ్యుండ్రి." ఆయన తలూపి, వెళ్ళి పూజ మొదలుపెట్టారు. అప్పం ఎత్తే వేళకు గంట మోగింది. నా మణికట్టు దానంతట అదే తిరిగింది.

మట్టి చేసి వచ్చాక ఆ పాప నా దగ్గరికి వచ్చింది. ఎవరో పెద్దవాళ్ళు పెట్టె సంగతి అని ఉంటారు, కళ్ళలో నీళ్ళున్నాయి. "తప్పయిందా తాతా? ఆయననే గట్ల నేర్పిండు. బల్ల మీద పీఠం దిక్కు తలబెట్టి పండి, నన్ను గిట్లనే పెట్టుండ్రి అన్నడు." కాలేదు బిడ్డా, సరిగ్గానే పెట్టారు, అని ఆమె తల నిమిరాను. ఆ పిల్లలు నేర్చుకున్న చావుపూజ ఫాదర్‌దొక్కటే, వాడు ఆ మాట అది నేర్పడానికే అన్నాడని నాకు తెలుసు. తన సంగతి వాడి మనసులో ఉండి ఉండదు కూడా. మనిషి అడిగింది కాలానికి గుర్తుంటుందో లేదో నేను చెప్పలేను. పంపు దగ్గర మావాడు అన్న మాట మాత్రం దానికి ఆ ఒక్క పూట గుర్తొచ్చింది.